సభ ముందుకు రావలసిన లెక్క



నాంపల్లి స్టేషన్ దగ్గర సిటీ బస్సెక్కిన మహిళ ఆధార్ కార్డు చూపిస్తుంది. కండక్టర్ మిషన్‌లో ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ నొక్కి చీటీ చించి ఇస్తాడు. జీరో టికెట్ అంటున్నాం దాన్ని. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఈ చీటీ మామూలైపోయింది. డబ్బే కట్టనప్పుడు టికెట్ ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు, తీసుకోకుండా కూర్చునేవాళ్లూ ఉన్నారు. అయితే బస్సు దిగగానే మనం పారేసే ఆ కాగితమే ఆర్టీసీ బిల్లుకు ఆధారం. ప్రయాణం ఉచితమైనా డీజిల్ ఉచితం కాదు, డ్రైవరు జీతం ఉచితం కాదు. జీరో టికెట్లన్నీ కూడి, వాటికి మామూలుగా ఎంత ఛార్జీ వచ్చేదో కట్టి, ఆ మొత్తం ఇమ్మని ఆర్టీసీ ప్రభుత్వాన్ని అడుగుతుంది. ప్రభుత్వం బడ్జెట్‌లోంచి ఇవ్వాలి. ఆ బడ్జెట్‌కు సరే అనవలసింది శాసనసభ. ఆ బస్సు స్టాపు నుంచి పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న అసెంబ్లీకి నడిచి వెళ్లిపోవచ్చు.

ఆ పథకం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. మంచి పథకమైతే లెక్కలెందుకు అనే మాట మాత్రం ఒప్పుకోలేను. ఆర్టీసీ అడిగిందెంత, ప్రభుత్వం ఇచ్చిందెంత, ఇవ్వకుండా మిగిలిన బాకీ ఎంత అన్నది ఏటా సభలో తేలితేనే ఆ పథకం నిలుస్తుంది. ప్రభుత్వ శాఖలు కాకుండా, ప్రజల సొమ్ముతో నడిచే ఇలాంటి సంస్థల బడ్జెట్‌నూ లెక్కలనూ చట్టసభ ఎలా చూస్తుంది, ఎక్కడ చూడలేకపోతోంది అన్నదే ఈ పూట ప్రసంగం.

ఈ విషయానికి అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలు పాత చుట్టాలే. అబిడ్స్‌లో చిరాగ్ అలీ లేన్ అందరికీ తెలుసు. ఆ పేరు నిజాం ప్రభుత్వంలో ఆర్థిక కార్యదర్శిగా పనిచేసిన మౌల్వీ చిరాగ్ అలీది. ఆయన సాలార్‌జంగ్ పరిపాలన గురించి నాలుగు సంపుటాలు రాశారు. 1853లో సాలార్‌జంగ్ దివాన్ అయ్యేనాటికి ఖజానా అప్పుల్లో మునిగి ఉంది. జమా ఖర్చులను ఒక దారిలో పెట్టడమే అప్పటి సంస్కరణల్లో మొదటి పని. ఆ తర్వాత 1905లో అకౌంటెంట్ జనరల్‌గా హైదరాబాదు వచ్చిన అక్బర్ హైదరీ, ఆర్థిక వ్యవహారాలు చేతికి వచ్చాక, 1922 నుంచి శాఖలవారీగా మూడేళ్ల కేటాయింపుల పద్ధతి పెట్టారు. ఒక శాఖ తనకిచ్చిన దాంట్లో పొదుపు చేస్తే ఆ మిగులు మళ్లీ దానికే ఉపయోగపడే ఏర్పాటు అది. ఖజానాలో నిల్వలు పెరిగాయి. లెక్కలు శుభ్రంగానే ఉండేవి. కానీ ఆ లెక్కలను నిలదీసి అడిగే హక్కున్న ప్రజాప్రతినిధి ఒక్కడూ లేడు. లెక్క పాలకుడికి చెప్పుకునేదే తప్ప పన్ను కట్టే రైతుకు చెప్పేది కాదు.

ఆ హక్కు 1952లో వచ్చింది. ఎన్నికైన మొదటి హైదరాబాదు శాసనసభ కొలువుదీరిన భవనం ఒకప్పటి టౌన్‌హాల్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో జన్మదినం సందర్భంగా 1905లో మొదలై 1913లో పూర్తయిన కట్టడం. పౌరులు చందాలు వేసుకుని కట్టించుకున్నది. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా, డాక్టర్ జి.ఎస్.మేల్కోటే ఆర్థికమంత్రిగా ఉన్న ఆ సభలో, ప్రభుత్వం తెచ్చిన పద్దుకు కాదనే అధికారం ఈ నేలమీద మొదటిసారి ఎన్నికైన సభ్యుల చేతికి వచ్చింది. నాకు ఆ తెల్లని గుమ్మటాలను చూసినప్పుడల్లా ఈ సంగతే గుర్తొస్తుంది.

ఇప్పుడు ఆ అధికారం ఎలా నడుస్తోందో చూద్దాం. రాజ్యాంగం 202వ అధికరణం ప్రకారం ప్రభుత్వం ఏటా ఆదాయ వ్యయాల పట్టిక సభ ముందుంచాలి. 203 ప్రకారం ఒక్కో శాఖ పద్దు మీద సభ ఓటు వేయాలి. 204 ప్రకారం ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదం పొందితే తప్ప ఖజానా నుంచి రూపాయి కదలకూడదు. అనుమతించిన దానికంటే ఎక్కువ ఖర్చయితే 205 ప్రకారం మళ్లీ సభ దగ్గరికే వచ్చి ఆమోదం తీసుకోవాలి. 2014-15 నుంచి అలా ఎక్కువైన ఖర్చులు ఆమోదం పొందకుండా ఉండిపోయాయని కాగ్, అంటే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, తన నివేదికల్లో పదే పదే రాసింది. 2014 నవంబరులో తెలంగాణ మొదటి బడ్జెట్ 1,00,637 కోట్ల రూపాయలు. 2025 మార్చిలో ప్రవేశపెట్టింది 3,04,965 కోట్లు. సొమ్ము మూడింతలైంది. సభ్యులు పద్దుల మీద మాట్లాడే రోజులు మూడింతలు కాలేదు.

శాఖల పద్దులైనా కొంత నయం. మంత్రి లేచి నిలబడతాడు, ప్రతిపక్షం కేకలు వేస్తుంది, మర్నాడు పత్రికల్లో వస్తుంది. సంస్థల సంగతి అలా కాదు. ఆర్టీసీనే తీసుకోండి. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక విభాగంగా 27 బస్సులతో మొదలై, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారిన సంస్థ ఇది. దానికి ఆధారమైన 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ఏం చెబుతుందంటే, సంస్థ తన వచ్చే ఏడాది బడ్జెట్‌ను తయారుచేసి రాష్ట్ర ప్రభుత్వ ఆమోదానికి పంపాలి. అది సభకు రాదు. సభకు వచ్చేది ఏడాది గడిచాక, కాగ్ తనిఖీ చేసి ధ్రువీకరించిన లెక్క. ఆ లెక్కనూ ఆడిట్ నివేదికనూ ప్రభుత్వం సభ ముందుంచాలని చట్టంలోనే ఉంది. అంటే ఆర్టీసీ మీద ఎమ్మెల్యేకున్న అసలైన చూపు ఆ ఒక్క కాగితమే. అది ఆలస్యమైతే చూపే లేదు.

మరో సంస్థ చిరాగ్ అలీ లేన్‌లోనే ఉంది. 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆర్థిక సంస్థ. చిన్న పరిశ్రమ పెట్టుకునేవాడికి షెడ్డుకూ యంత్రాలకూ అప్పులిచ్చి, రెండు రాష్ట్రాల్లో ఎన్నో పారిశ్రామికవాడలకు ఊతమైన సంస్థ. 2014 విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలులో ఇదీ ఉంది, ఆర్టీసీ కూడా ఉంది. ఆస్తులూ అప్పులూ ఎవరి వాటా ఎంత అన్నది తేలక ఏళ్లు గడిచాయి. వాటా తేలని సంస్థ లెక్కను ఏ సభ అడగాలి, ఎవరు జవాబు చెప్పాలి? విభజన మీద మనం చాలా మాట్లాడుకున్నాం, చాలా రాసుకున్నాం. ఈ ప్రశ్నను మాత్రం పక్కన పెట్టేశాం.

నాంపల్లిలోనే ఇంకో రకం సంస్థ ఉంది, తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్. దాని ఖర్చు మీద సభ ఓటు వేయదు. 322వ అధికరణం ఆ ఖర్చును నేరుగా సంచిత నిధి మీద వేసింది, అంటే సభలో చర్చించవచ్చు కానీ తగ్గించడానికి, ఆపడానికి వీల్లేదు. ఉద్యోగాల ఎంపిక చేసే సంస్థ డబ్బుల కోసం మంత్రుల ముఖం చూడకూడదని రాజ్యాంగకర్తలు అలా రాశారు. అది సరైన ఆలోచన. దానికి బదులుగా 323వ అధికరణం కమిషన్ పనిమీద వార్షిక నివేదిక సభకు రావాలంది. కమిషన్ సలహాను ప్రభుత్వం ఎక్కడైనా కాదంటే ఎందుకు కాదందో వివరణ కూడా జోడించాలంది. 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకేజీతో లక్షలమంది అభ్యర్థులు రోడ్డున పడ్డారు. ఆ నివేదికను ఏటా సభ శ్రద్ధగా చదివి, పరీక్షల నిర్వహణ మీద పది ప్రశ్నలు అడిగే అలవాటు మనకు ఉండి ఉంటే బాగుండేది కదా అని ఆ రోజుల్లో చాలాసార్లు అనిపించింది.

మీరు ఈ మాటలు వింటున్న ఆకాశవాణికి కూడా ఇదే వర్తిస్తుంది. హైదరాబాదులో 1930లలో మొదటి రేడియో ప్రసారాలు వెలువడింది చిరాగ్ అలీ లేన్‌లోని ఒక చిన్న కేంద్రం నుంచే. ఇవాళ్టి ఆకాశవాణి ప్రసార భారతిలో భాగం. 1990 నాటి చట్టం ప్రకారం ప్రసార భారతి లెక్కలను కాగ్ తనిఖీ చేయాలి, వాటిని పార్లమెంటు ఉభయసభల ముందూ పెట్టాలి. ఏ ప్రజాసంస్థకూ ఇందులో మినహాయింపు లేదు. ఉండకూడదు కూడా.

ఇక కంపెనీల రూపంలో ఉన్న సంస్థలు. వాటికి 2013 కంపెనీల చట్టం వర్తిస్తుంది. ఇక్కడ తేదీలు కాస్త జాగ్రత్తగా వినండి, ఎందుకంటే అసలు కిటుకంతా వీటిలోనే ఉంది. మార్చి 31న ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. కాగ్ నియమించిన ఆడిటరు లెక్కలు చూస్తాడు. ఆ తర్వాత కాగ్‌కు 60 రోజుల్లోపు తాను మళ్లీ తనిఖీ చేసి వ్యాఖ్యలు రాసే అధికారం ఉంది. సెప్టెంబరు 30లోపు వాటాదారుల వార్షిక సమావేశం జరగాలి. దాని తర్వాత మూడు నెలల్లో వార్షిక నివేదిక తయారు కావాలి. తయారయ్యాక వీలైనంత త్వరగా ఆడిట్ నివేదికతో, కాగ్ వ్యాఖ్యలతో కలిపి సభ ముందుంచాలి. అంటే డిసెంబరు ఆఖరుకల్లా పోయిన ఏడాది లెక్క సిద్ధంగా ఉండాలి. ఫిబ్రవరిలోనో మార్చిలోనో కొత్త బడ్జెట్ సమావేశాలు మొదలవుతాయి. చట్టం చెప్పినట్టే జరిగితే, ఒక కార్పొరేషన్‌కు వచ్చే ఏడాది డబ్బులిస్తూ ఓటు వేసే ఎమ్మెల్యే చేతిలో, అదే కార్పొరేషన్ పోయిన ఏడాది ఏం చేసిందో చెప్పే పుస్తకం ఉంటుంది.

ఎంత చక్కని ఏర్పాటు! ఇది పాటించకపోవడమే మన అసలు జబ్బు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో ప్రభుత్వరంగ సంస్థల లెక్కలు ఏళ్ల తరబడి బకాయి పడ్డాయని కాగ్ రాస్తూనే ఉంది. నాలుగేళ్ల కిందటి లెక్క ఇవాళ సభకు వస్తే ఎవరిని అడుగుతాం? అప్పటి ఎండీ బదిలీ అయి ఉంటాడు, ఛైర్మన్ మారి ఉంటాడు, కొన్నిసార్లు ప్రభుత్వమే మారి ఉంటుంది. జవాబు చెప్పవలసిన మనిషి లేనప్పుడు ప్రశ్నకు విలువ ఉండదు. అవినీతి గురించి మనం చాలా ఆవేశంగా మాట్లాడతాం. ఆలస్యం గురించి అంత ఆవేశంగా మాట్లాడం. నా దృష్టిలో ఆలస్యమే పెద్ద తప్పు, అవినీతికి చోటిచ్చేది అదే.

ఆలస్యం ఏం చేస్తుందో చెప్పడానికి కాళేశ్వరం కంటే పెద్ద ఉదాహరణ మన కాలంలో లేదు. ప్రాజెక్టు కోసం కాళేశ్వరం ఇరిగేషన్ ప్రాజెక్ట్ కార్పొరేషన్ లిమిటెడ్ అనే ప్రత్యేక సంస్థను పెట్టారు. బ్యాంకుల నుంచి, ఆర్థిక సంస్థల నుంచి అప్పులు తెచ్చింది ఆ సంస్థ, హామీ ఇచ్చింది ప్రభుత్వం. కాగ్ లెక్క ప్రకారం ఆ సంస్థ చేసుకున్న రుణ ఒప్పందాలు 87,449 కోట్ల రూపాయలు. తిరిగి కట్టడానికి ఆ సంస్థకు చెప్పుకోదగ్గ సొంత ఆదాయం లేదు, చివరికి కట్టవలసింది ఖజానాయే. అయినా అది బడ్జెట్ బయటి అప్పు కాబట్టి పద్దుల మీద ఓటు వేసినప్పుడు సభ్యుల కళ్లకు ఆ భారం పూర్తిగా కనబడలేదు. మొదట 81,911 కోట్లు అనుకున్న ఖర్చు 1,47,427 కోట్లు దాటవచ్చని కాగ్ అంచనా వేసింది. రూపాయి పెడితే రూపాయి యాభై ఒక్క పైసల ప్రయోజనం అని చెప్పిన చోట, యాభై రెండు పైసలే వస్తాయని తేల్చింది.

ఆ నివేదిక 2022 మార్చి వరకు ఉన్న కాలానికి సంబంధించింది. శాసనసభ ముందుకు వచ్చింది 2024 ఫిబ్రవరి 15న. ఈ మధ్యలో, 2023 అక్టోబరు 21న ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బరాజ్ పియర్లు కుంగాయి. ముందే నివేదిక వచ్చి ఉంటే పియర్లు కుంగేవి కావని నేను అనడం లేదు. అది ఇంజనీర్లు తేల్చవలసిన మాట. సభ అడగవలసిన ప్రశ్నలు సభ చేతికి అందేసరికి ఖర్చయిపోయింది, కట్టడం అయిపోయింది, నష్టం కూడా జరిగిపోయింది అంటున్నాను. రాజ్యాంగం 151వ అధికరణం కాగ్ నివేదికను సభ ముందుంచాలని చెప్పింది కానీ ఎన్ని రోజుల్లో అన్న గడువు పెట్టలేదు. ఆ ఖాళీని ప్రభుత్వాలు వాడుకుంటున్నాయి. ఇది ఒక పార్టీ సంగతి కాదు, బడ్జెట్ బయట అప్పు చేయడం ఇవాళ చాలా రాష్ట్రాల్లో అలవాటైన దారి.

నివేదిక సభకు వచ్చినంత మాత్రాన పని అయినట్టు కాదు. అక్కడి నుంచి అది కమిటీకి వెళుతుంది. ప్రభుత్వ శాఖలవైతే ప్రజా పద్దుల కమిటీకి, కార్పొరేషన్లవీ కంపెనీలవీ అయితే ప్రభుత్వరంగ సంస్థల కమిటీకి. నిజమైన పని జరిగేది ఆ గదిలో. కెమెరాలుండవు, నినాదాలుండవు. బల్లకు అటువైపు శాఖ ముఖ్య కార్యదర్శి, సంస్థ ఎండీ ఫైళ్లతో కూర్చుంటారు. ఇటువైపు వేర్వేరు పార్టీల సభ్యులు. వారికి తోడుగా సైఫాబాద్‌లోని అకౌంటెంట్ జనరల్ ఆఫీసు నుంచి వచ్చిన అధికారులు. ఒక్కో ఆడిట్ పేరా తీసుకుని, ఈ పనికి టెండరు ఎందుకు పిలవలేదు, ఈ సొమ్ము ఖర్చు కాకుండా డిపాజిట్‌లో ఎందుకు ఉంది, ఈ వడ్డీ ఎవరు కట్టారు అని అడగాలి. సిద్ధపడి వచ్చిన సభ్యుడు ఒక్కడున్నా చాలు, అధికారులు మళ్లీ వచ్చేటప్పుడు లెక్క సరిచూసుకుని వస్తారు.

ఈ కమిటీల వెనక పెద్ద కథ ఉంది. లండన్‌లో గ్లాడ్‌స్టన్ చొరవతో 1861లో పద్దుల కమిటీ ఏర్పడింది. మన కేంద్రంలో 1921లో వచ్చింది. అయితే చాలాకాలం ఆర్థిక సభ్యుడే దానికి అధ్యక్షుడు, ఖర్చుపెట్టే చేయే లెక్క చూసే చేయి కూడా అన్నమాట. స్వతంత్రం తర్వాత పదేళ్లు తిరిగేసరికి ఒక ప్రజాసంస్థ మీద పార్లమెంటు చూపు ఎంత పదునుగా ఉండగలదో 1957 డిసెంబరులో తెలిసింది. జీవిత బీమా సంస్థ ఏర్పడి అప్పటికి పదిహేను నెలలు. పాలసీదారుల సొమ్ము 1.24 కోట్ల రూపాయలను హరిదాస్ ముంద్రా కంపెనీల షేర్లలో పెట్టింది. ఫిరోజ్ గాంధీ, తన సొంత పార్టీ ప్రభుత్వం మీదే, లోక్‌సభలో లెక్కలు చదివి వినిపించారు. జస్టిస్ ఎం.సి.చాగ్లా బహిరంగ విచారణ జరిపారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు. సంస్థకు స్వయంప్రతిపత్తి ఉంది కాబట్టి పార్లమెంటు అడగరాదన్న వాదన అప్పుడే వీగిపోయింది. 1964లో పార్లమెంటు ప్రభుత్వరంగ సంస్థల కోసం వేరే కమిటీ పెట్టుకుంది. 1967 నుంచి పద్దుల కమిటీ అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇచ్చే సంప్రదాయం మొదలైంది. ఆ మొదటి ప్రతిపక్ష అధ్యక్షుడు మీనూ మసానీ, మన ఆచార్య ఎన్.జి.రంగా స్థాపక అధ్యక్షుడుగా ఉన్న స్వతంత్ర పార్టీ నాయకుడు.

ఆ సంప్రదాయం మన దగ్గర ఎలా ఉంది? ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపక్షం తరఫున పద్దుల కమిటీ అధ్యక్షుడైన భూమా నాగిరెడ్డి 2016లో అధికార పార్టీలో చేరారు. 2024లో అక్కడ ఆ పదవి అధికార కూటమిలోని పార్టీ సభ్యుడికి దక్కింది. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణలో అరికెపూడి గాంధీని అధ్యక్షుడిగా నియమించినప్పుడు, ఆయన ఏ పార్టీ సభ్యుడన్న దాని మీదే పెద్ద గొడవ జరిగింది. ఒక్కో సందర్భంలో ఒక్కో వాదన ఉండవచ్చు. కానీ లెక్క అడిగేవాడు ఎవరి పక్షమో అన్న అనుమానం జనానికి రాకూడదు. అది వస్తే ఆ కమిటీ రాసిన మాటకు బలముండదు.

నాకు తోచిన మార్పులు పెద్దవేమీ కావు. కాగ్ నివేదిక ప్రభుత్వానికి అందాక ఇన్ని రోజుల్లో సభకు రావాలని మన సభే నియమం చేసుకోవచ్చు. లెక్కలు బకాయి పడ్డ సంస్థల పేర్లు బడ్జెట్ ప్రసంగానికి ముందు సభలో చదివించవచ్చు. ఏ కార్పొరేషన్ పేరిట అప్పు చేసినా, కట్టేది ఖజానా అయితే, ఆ అంకె బడ్జెట్ పుస్తకంలో రాయించవచ్చు. కమిటీ సాక్ష్యాలను పత్రికలవాళ్లు వినేలా తలుపులు తెరవవచ్చు. బ్రిటన్‌లో పద్దుల కమిటీ అధికారులను ప్రశ్నించడాన్ని ఎవరైనా చూడవచ్చు, దానివల్ల అక్కడి ప్రభుత్వమేమీ కూలిపోలేదు.

ఆర్టీసీ విషయంలో ఇంకో చిక్కు ముందుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు, సంస్థ మాత్రం సంస్థగానే ఉంది. తెలంగాణలోనూ 2023 ఆగస్టులో సభ అలాంటి బిల్లునే ఆమోదించింది. జీతం ప్రభుత్వ పద్దులో, బస్సులూ డిపోలూ అప్పులూ సంస్థ పద్దులో ఉంటే, మొత్తం బొమ్మ ఒక్కచోట ఎవరికి కనిపిస్తుంది? పద్దుల కమిటీ సగం చూస్తుంది, సంస్థల కమిటీ సగం చూస్తుంది. రెండు కమిటీలూ కలిసి కూర్చోవడం ఇప్పుడే అలవాటు చేసుకోవాలి.

ఇక మన వంతు. కాగ్ నివేదికలు సభలో పెట్టిన తర్వాత కాగ్ వెబ్‌సైటులో ఎవరైనా చదువుకోవచ్చు. మీ జిల్లా పేరు, మీ ఊరి ప్రాజెక్టు పేరు వాటిలో వెతకండి, తప్పకుండా ఏదో ఒకటి దొరుకుతుంది. మీ ఎమ్మెల్యే పెళ్లికో పరామర్శకో మీ వీధికి వచ్చినప్పుడు రోడ్డు గురించి అడుగుతారు, అడగండి. దాంతోపాటు, అయ్యా, మీరు అసెంబ్లీలో ఏ కమిటీలో ఉన్నారు, ఈ ఏడాది అది ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్ని నివేదికలిచ్చింది, వాటిలో ఎన్నింటికి అధికారుల నుంచి జవాబు వచ్చింది అని కూడా అడగండి.